రెండు గంటలు కరెంటు లేని గాజుముక్క

మా మరిది పోయాడన్న కబురు అనంతపురం నుంచి పొద్దుటి బస్సులో వచ్చింది. తెచ్చినవాడు అతను పనిచేసిన కాలేజీ అటెండరు. "సారు పోయినారమ్మా, నిద్దట్లోనే" అన్నాడు. వేళ రాసుకోకుండా మా మరిది చేసిన పని ఇదొక్కటే. మిగతావన్నీ గడియారం చూసి, నోటుబుక్కులో ఎక్కించి మరీ చేశాడు.

ఫిజిక్సు లెక్చరరు. ఎనభైల మొదట్లో, డాక్టరేటు కోసం ల్యాబులో చిన్న కరెంటు కొలిమి పెట్టుకుని గాజుముక్కలు కాల్చేవాడు. కాడ్మియం, సెలీనియం కలిపి కరిగించిన గాజు. నీళ్ళలా రంగులేకుండా లోపలికి పోయిన ముక్క, కాల్చిన గంటలను బట్టి పసుపుగానో నారింజగానో ఎర్రగానో బయటికొచ్చేది.

నేను ధర్మవరంలో పట్టు నేసేవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని. రంగంటే అద్దకం తొట్టే నాకు తెలుసు.

"ఏం రంగు కలిపినావప్పా?"

"ఏమీ కలపలేదొదినా. అన్నిట్లో ఒకటే సరుకు. కాల్చేకొద్దీ లోపలి నలుసులు పెద్దవైతాయి. వాటి సైజే రంగు."

"కంటికి కనపడతాయా?"

"మా మైక్రోస్కోపుకే కనపడవు."

"మరి ఉండాయని నీకెవరు చెప్పినారు?"

"రంగే చెప్తాండాది."

ఆపైన పాఠం. నలుసు ఎంత చిన్నదైతే లోపలి ఎలక్ట్రానుకు అంత ఇరుకు. ఇరుకులో ఉన్నదాన్ని కదిలించాలంటే నీలం వెలుతురుకున్నంత బలం కావాలి. అందుకే చిన్న నలుసులు నీలాన్ని మింగి పసుపును వదులుతాయి. పెద్దవి ఆకుపచ్చను కూడా మింగితే మిగిలేది ఎరుపు. ఇరుకిల్లు ఏం చేస్తుందో అత్తగారింట్లో పదేళ్ళున్న నాకు వేరే చెప్పాలా అన్నాను.

థీసిస్ టైపు కూడా అయిపోయింది. వారంలో ఇచ్చేయాలి. ఇచ్చేముందు సరిచూద్దామంటే రంగు కొలిచే యంత్రం చెడిపోయి ఉందని, ముక్కలన్నీ బిస్కెట్ల డబ్బాలో పోసుకుని నా దగ్గరికి తెచ్చాడు. అడుగున గంటల చీటీలు అంటించి ఉన్నాయి. అవి చూడకుండా వరసలో పెట్టమన్నాడు. పట్టుదారం ఛాయ చూసినట్టే, వసారాలో తెల్లగుడ్డ పరిచి, పొద్దుటెండలో పెట్టాను. ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"తప్పు పెట్టినావొదినా. ఆరుగంటల ముక్కను నాలుగు పక్కన పెడితివి."

"తప్పు నాది కాదు, నీ చీటీది."

మూడుసార్లు కలిపేసి మళ్ళీ ఇచ్చాడు. మూడుసార్లూ అక్కడే పెట్టాను. కాఫీ తాగకుండా బస్సెక్కాడు.

విషయం తర్వాత తెలిసింది. ఆ ముక్కను కొలిమిలో పెట్టి ఇతను క్లాసుకు పోయాడు. మధ్యలో రెండు గంటలు కరెంటు పోయింది. ఎందుకు చెప్పలేదని అడిగితే అప్పటి ల్యాబు అటెండరు ఆశ్చర్యపోయాడట: "కరెంటు పోయేది కూడా చెప్పాల్నా సార్?" మా జిల్లాలో అది నిజంగానే వార్త కాదు.

ఒకటి తప్పైతే మిగతావాటిని నమ్మేదెట్లా అని అన్నీ పక్కన పడేసి మళ్ళీ మొదటినుంచీ కాల్చాడు. ఏడాదిన్నర పట్టింది. డాక్టరేటు వచ్చింది. కానీ అంతలో వేరే దేశంలో ఎవరో నలుసు సైజే రంగన్న సంగతిని ముందుగా అచ్చు వేసుకున్నారు.

"ఆ పొద్దు నేను నోరు మూసుకొనుంటే నీ పేరే ముందుండేది" అన్నానొకసారి.

"నువ్వు మూసుకున్నదెప్పుడొదినా?" అన్నాడు. ఆ రోజు మాత్రం కాఫీ రెండుసార్లు అడిగి తాగాడు.

కబురు తెచ్చిన అటెండరు పోతూ పోతూ సంచిలోంచి ఆ బిస్కెట్ల డబ్బా తీసిచ్చాడు. "మీకియ్యమని బీరువాలో రాసి పెట్టినారమ్మా." లోపల ఒకటే ముక్క. అడుగున చీటీ మీద ఆరు కొట్టేసి నాలుగు వేసి ఉంది. పక్కన చిన్నక్షరాల్లో: "వదిన చూసింది."

ఎండ వసారాలోకి వచ్చాక తెల్లగుడ్డ పరిచి దాని మీద పెట్టాను. ఇప్పటికీ నాలుగుగంటల రంగే.