నన్నీ బీ గురువారం రౌండు

నన్నీ బీని చూస్తే నాకు కడుపుమంట. ఆమె మా పదహారో వార్డులో చెత్తబండి తోస్తుంది. నేను అదే వార్డుకు కౌన్సిలర్ని, పేరు సుబ్బరత్నమ్మ. మా గేటు పక్కన నీలం బోర్డు మీద ఆ పేరూ, కింద ఫోన్ నంబరూ రాయించి నాలుగేళ్ళు దాటింది. ఆ నంబరుకు ఫోన్ చేసేది లోన్లు ఇస్తామనే వాళ్ళే. వార్డులో ఎవరికేం కావాల్సి వచ్చినా పొద్దున ఆరింటికి నన్నీ బీ విజిల్ ఎప్పుడు వినపడుతుందా అని చెవులు రిక్కిస్తారు తప్ప, నా గేటు తట్టరు.

మాది బద్వేలు దారిలో ఉన్న చిన్న ఊరు. నిన్నమొన్నటి దాకా పంచాయతీ, ఇప్పుడు మున్సిపాలిటీ. నన్నీ బీ ఇక్కడే మసీదు వీధిలో ఉంటుంది. ఆమె తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. లారీ క్లీనరు హుసేన్ వలికి ఇచ్చి పెళ్ళి చేశారు. కూతురు హసీనాకు మూడేళ్ళప్పుడు వలి జ్వరమొచ్చి పోయాడు. నెల తిరక్కుండానే ఆమె పంచాయతీలో చీపురు పట్టింది. తర్వాత పంచాయతీ మున్సిపాలిటీ అయింది, గంప పోయి బండి వచ్చింది, ఆమె ఉద్యోగం మాత్రం ఇంకా కాంట్రాక్టే. ఆ సంపాదనతోనే కూతుర్ని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివించి ప్రొద్దుటూరులో పనికి పెట్టింది. ఇదంతా నేనెవరినో అడిగి తెలుసుకున్నది కాదు. వార్డులో ఏ ఇంటికి పోయినా నా ముందు ఆమె కథే చెబుతారు. కాఫీ తాగుతూ వినాలి నేను.

ఆమె చేతిలో పనులు ఎట్లా అవుతాయో కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది. తెల్లవారుజామున అయిదింటికి మస్టర్ దగ్గర, అంటే పనివాళ్ళకు హాజరు వేసే చోట, నీళ్ళ లైను వాళ్ళూ, కరెంటు దీపాల వాళ్ళూ, కాలవలు తీసేవాళ్ళూ అందరూ ఒకే అంగడిలో టీ తాగుతారు. నన్నీ బీ అక్కడ ఒక మాట వేస్తుంది. పది గంటలకల్లా కాలవ పారుతుంది, రాత్రికి దీపం వెలుగుతుంది. నేను కాగితం రాసి ఇస్తాను. దానికి ఇన్వర్డు నంబరు పడుతుంది, ఎజెండాలోకి వస్తుంది, 'పరిశీలనలో ఉంది' అని జవాబొస్తుంది.

రైస్ మిల్లు మలుపులో ఒక గుంత ఉండేది. మూడు మీటింగుల్లో లేచి నిలబడి మాట్లాడాను. ఈలోగా రెండు బండ్లు అందులో పడ్డాయి. ఒకరోజు నన్నీ బీ ఎవరో పాత మిద్దె పడగొడుతుంటే చూసి, ఆ ఇంటాయన దగ్గర ఆగింది.

"ఈ రాళ్ళు, మన్ను చెరువు కాడికి తోలేదానికి ట్రాక్టరు బాడిగ దండగ ఏంటికప్పా? ఈ గుంతలో పోపియ్యి, పుణ్యం వస్తాది."

మధ్యాహ్నానికి గుంత పూడింది. సాయంత్రం మా ఆయన ఓబుళేశు అటువైపు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ నవ్వాడు. "నువ్వు కౌన్సిలరువి, ఆయమ్మ కలెక్టరు" అన్నాడు. ఆ రాత్రి ఆయనకు నేను అన్నం వడ్డించలేదు, పెట్టుకు తినమన్నాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు అదే చోట నిజంగానే సిమెంటు రోడ్డు మంజూరైంది. దానికోసం నేను ఎన్నిసార్లు కమిషనర్ ఆఫీసు మెట్లెక్కానో నాకే తెలుసు. పూజ రోజున పట్టుచీర కట్టుకుని టెంకాయ చేతిలో పట్టుకున్నాను. మా వీధిలో అందరికంటే పెద్దావిడ కృష్ణవేణమ్మ చుట్టూ చూసి గట్టిగా అడిగింది.

"నన్నీ బీ యాడ? ఆయమ్మ చేత గదా టెంకాయ కొట్టియ్యల్ల!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నిలబెట్టుకోవడానికి దవడలు నొప్పిపుట్టాయి. ఆరోజే అనుకున్నాను, ఈమె ఈ వార్డులో ఉండకూడదని.

అవకాశం శుక్రవారం రూపంలో దొరికింది. శుక్రవారం మా వైపు ఇళ్ళలో చెత్త బయటికివ్వరు, లక్ష్మి వెళ్ళిపోతుందని. మసీదు వీధి, చర్చి సందు మామూలుగానే ఇస్తాయి. మిగిలిన మూడు వీధుల్లో మాత్రం ఆరోజు ఎవరూ బకెట్ ముట్టరు. గురువారం మధ్యాహ్నమే ఇల్లు కడుక్కుని, దీపం పెట్టే వేళకు ముందే చెత్త గడప దాటించాలి. అందుకని నన్నీ బీ గురువారం నాలుగింటికి రెండోసారి బండి తెచ్చేది. అది డ్యూటీ కాదు, దానికి పైసా రాదు. ఎవరూ చెప్పకుండానే పద్దెనిమిదేళ్ళుగా చేస్తోంది.

ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ ఒక క్యూఆర్ కోడ్ అతికించారు. చెత్త తీసుకున్నాక దాన్ని ఫోన్‌తో స్కాన్ చేయాలి. ఒక ఇంటికి రోజుకు ఒక్క స్కానే పడుతుంది, అది పొద్దుటి రౌండుకే అయిపోతుంది, కాబట్టి గురువారం సాయంత్రం రౌండు ఎక్కడా లెక్కకు రాదు. శుక్రవారం సున్నాలు మాత్రం కనపడతాయి. మే నెల మీటింగులో గుమాస్తా నారాయణ వార్డులవారీగా రిపోర్టు చదివాడు.

"పదహారో వార్డు. శుక్రవారాల్లో మూడు వీధులకు కలిపి నూటనలభై ఇళ్ళు. స్కాన్ అయినేది ఒక్క ఇల్లు."

"ఎవరిదప్పా ఆ ఒక్కటి?" అని అడిగాడు చైర్మన్.

"కౌన్సిలరమ్మదే సార్."

నేను బిత్తరపోయాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఒక్క శుక్రవారమూ నేను చెత్త ఇచ్చి ఎరగను. ఫోనుకు తిక్క పట్టిందేమో అనుకున్నాను. కానీ అన్నీ చూసి ఇన్నాళ్ళకు దేవుడు నా వైపు తిరిగాడనిపించింది. లేచి నిలబడ్డాను.

"నేను ఇస్తాండా గదా సార్. మిగతావాళ్ళు ఏంటికి ఇయ్యరు? ఆయమ్మ ఆ ఇండ్ల దిక్కే పోదు. గురువారం సాయంత్రం మాత్రం డ్యూటీ లేకున్నా బండి తోసుకొని తిరుగుతాది. ప్లాస్టిక్ ఏరి అమ్ముకునేదానికో ఏమో, ఎవురికి తెలుసు?"

శుక్రవారం సంగతి ఆ హాల్లో సగం మందికి తెలుసు. వాళ్ళ ఇళ్ళూ అంతే. అయినా 'మా ఇంట్లో కూడా ఇయ్యము' అని ఒప్పుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు. 'పరిపాలన సౌలభ్యం దృష్ట్యా' అని రాసి నన్నీ బీని ఊరి అవతల కొస, చేపల మార్కెట్టుకు వేశారు. అక్కడ రెండు పూటలా డ్యూటీ. గురువారం రౌండు ఆగిపోయింది.

ఆమె స్థానంలో యేసుప్రసాద్ అనే కుర్రాడు ఆటో వేసుకుని వచ్చాడు. పనిమంతుడే. తొమ్మిదికల్లా పని ముగించి వెళ్ళిపోయేవాడు. మొదటి గురువారం సాయంత్రం ఇళ్ళు కడుక్కున్న ఆడవాళ్ళు చెత్త పట్టుకుని గడపల్లో నిలబడ్డారు. విజిల్ వినపడలేదు. చీకటి పడుతోందని కరెంటు స్తంభం దగ్గర కుప్ప పోశారు. పందులొచ్చి ఆ కుప్పను రోడ్డంతా పరిచాయి.

శనివారం నా గేటు తట్టారు. తెరిచి చూస్తే పదకొండు మంది. నాలుగేళ్ళలో మొదటిసారి నా గుమ్మంలో జనం! నిజం చెప్పాలంటే ఒళ్ళు పులకరించింది. కుర్చీలు వేయించాను, అందరికీ కాఫీ పెట్టాను. కృష్ణవేణమ్మ గ్లాసు అందుకుని, తాగకుండా నా ముఖంలోకి చూసింది.

"నన్నీ బీని యాడికి పంపిచ్చినారమ్మా? మళ్ళా ఎప్పుడొస్తాది?"

చెత్త గురించి కూడా కాదు, ఆమె గురించి వచ్చారు. నా కాఫీ తాగుతూ ఆమెను తలుచుకున్నారు.

తర్వాతి శుక్రవారం యేసుప్రసాద్ మా గేటు దగ్గర ఆటో ఆపాడు.

"అమ్మా, చెత్త?"

"ఈపొద్దు శుక్రవారం గదప్పా. మేము ఇయ్యము."

వాడు ఫోన్ చూసుకుని తల గోక్కున్నాడు. "మరి ఇన్నాళ్ళు ప్రతి శుక్రవారం మీ ఇంటికి పడిండాది గదమ్మా స్కాను? గేటు కాడికి వచ్చి కొడితే తప్ప పడదే!"

అప్పటికి గాని నా బుర్రకు తట్టలేదు. ఫోనుకు తిక్క పడితే ఒకవారం పడుతుంది, ప్రతివారమూ మా ఇంటి మీదే పడదు. ఆ పూటే చేపల మార్కెట్టుకు పోయాను. నన్నీ బీ మోకాలికి గుడ్డ కట్టుకుని, కాలవలోంచి పొలుసులు, పేగులు పారతో ఎత్తిపోస్తోంది. నన్ను చూసి చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఏమ్మా, ఇంత దూరం వచ్చినారు? ఏమన్నా పనుంటే ఫోన్ చేసింటే నేనే వచ్చేదాన్ని గదా."

"శుక్రవారం మా ఇంటికి స్కాన్ ఏంటికి కొట్టినావు?" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీరు మీటింగులో చెత్త గురించి మాట్లాడే మనిషి. సున్నాలో మీ ఇల్లే పడితే నలుగుర్లో మీకు తల కొట్టేసినట్ల ఉండదా? అందుకే గేటు కాడికి వచ్చి కోడు కొట్టి పోతాంటి. తప్పేలేమ్మా. యాడా అనాకండి, తెలిస్తే పనిలోంచి తీసేస్తారు."

నేనే ఆమెను పంపించానని ఆమెకు తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆ సంగతి ఎత్తలేదు. ఆమె తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. తిరిగి వస్తూ ఆటోలో కూర్చుని ఏడ్చాను, అందులో పశ్చాత్తాపం కొంత, అసూయ ఎక్కువ. పనిలో ఆమెదే పైచేయి, మాటలో ఆమెదే పైచేయి, చివరికి మంచితనంలో కూడా నాకు ఇంత చోటు మిగల్చలేదు.

జూన్ మీటింగులో ఆమెను మళ్ళీ మా వార్డుకు వేయాలని ప్రతిపాదన పెట్టాను. చైర్మన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పంపిచ్చమన్నది మీరే గదమ్మా? నెలలో ఏం మారిపోయింది?"

శుక్రవారం ఆచారం గురించి చెప్పొచ్చు. చెబితే మరి మీ ఇంటికి స్కాన్ ఎట్లా పడిందని అడుగుతారు, నన్నీ బీ పని పోతుంది. జనం అడుగుతున్నారని చెబితే, కొత్తవాడికీ అలవాటు పడతారులెమ్మని అంటారు. ఇంటి దగ్గర రెండు మూడు సాకులు వల్లె వేసుకుని వచ్చాను. లేచి నిలబడేసరికి ఒక్కటీ పనికొచ్చేట్టు కనపడలేదు.

"ఆయమ్మ తప్పు ఏమీ లేదు సార్" అన్నాను. "ప్లాస్టిక్ అమ్ముకుంటాదనే మాట నేను పుట్టిచ్చిందే. వార్డులో నా మాట కన్నా ఆయమ్మ మాట ఎక్కువ చెల్లుతాండాది. అది నేను ఓర్చుకోలేకపోయినా."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చైర్మన్ నీళ్ళ సీసా మూత తిప్పాడు. అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. నారాయణ రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు.

"తీర్మానంలో కారణం ఒకటి ఉండల్ల గదమ్మా. పరిపాలన సౌలభ్యం దృష్ట్యా అని రాసుకుంటాలే."

"ఆ మాట రాసే గదప్పా ఆయమ్మను పంపిచ్చింది" అన్నాను. "ఈసారి కౌన్సిలరు కుళ్ళు అని రాయి."

నారాయణ పెన్ను ఎత్తి పట్టుకుని చైర్మన్ వైపు చూశాడు. నేను కూర్చోలేదు. అతను రాసిందాకా నిలబడే ఉన్నాను.