మీటరు లేని రెండు రోజులు

“తీపి చూసే మీటరు రిపేరుకని మద్రాసుకు పోయి రెండు దినాలు ఈడ లేనే లేదు. ఆ రెండు దినాలు షీట్లో నంబర్లు యాడ నుంచి వచ్చినాయి అవ్వా?”

“ముక్కు నుంచి.”

“ముక్కు నంబర్లు చెప్తుందా?”

“ఇన్నేండ్లూ చెప్పింది. అప్పుడెవురూ అడగలా.”

అడుగుతున్నది మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యజమాని కూతురు. పూతలపట్టు దగ్గర రోడ్డు పక్కనే ఫ్యాక్టరీ. అక్కడ కాయలు ఏరే నలభై మంది ఆడవాళ్లకు నేను పెద్దను. చదివింది మూడో తరగతి. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి వాసన చూస్తే చాలు, ఆ తోతాపురి కాయ ఈ పూటే గుజ్జుకు పోవాలో, ఇంకో రెండు రోజులు మాగాలో చెప్పేస్తాను.

ఆ సీజను మొదట్లో మా చేత పాత పద్ధతి మాన్పించడానికని బయట నుంచి కొందరు వచ్చి మూడు రోజులు పాఠాలు చెప్పారు. గోడలకు రంగు కాగితాలు అతికించారు. చప్పట్లు కొట్టించారు. మూడు రోజులూ బిర్యానీ పొట్లాలు పంచారు. నా పొట్లం నేను తినలేదు, ఇంటికి తీసుకుపోయి మనవరాలికి పెట్టాను. ఇకనుంచి ప్రతి క్రేటులో ఒక కాయ కోసి, రసం చుక్క మీటరు మీద వేసి, ఆ నంబరు షీట్లో రాయాలన్నారు, పద్నాలుగుకు తగ్గితే తీపి చాలనట్టు, ఆ క్రేటును మాగబెట్టే గదికి తిరిగి పంపాలన్నారు. క్రేటుకొక కాయ దండగ అనిపించి నాకు ఒళ్లు మండింది.

వాళ్ల కారు గేటు దాటిన పూటే మావాళ్లకు నేను ఇంకో పాఠం చెప్పాను. పని పాత మాదిరే చేసుకుందాం, అన్నం వేళ కూర్చుని షీటు నింపేద్దాం, పద్నాలుగు, పదిహేను, పదహారు మార్చి మార్చి రాయండి అని. నలభై మందీ అట్లే రాశారు. మీటరు ఊర్లో లేదన్న సంగతి మాకెవరికీ తెలియదు. దాన్ని ముట్టుకుంటే కదా తెలిసేది.

ఇప్పుడు యజమాని కూతురు ఆ షీట్లన్నీ బల్ల మీద పరిచింది. ఇక్కడ పని పోతే ఈ వయసులో ఇంకో గేటు నన్ను లోపలికి రానివ్వదు.

“మావాళ్లను ఏమీ అనొద్దు. రాయించింది నేను. తీసేస్తే నన్ను తీసెయ్” అన్నాను.

“తీసేసేదానికి పిలవలేదు అవ్వా. బయటోళ్లు మూడు దినాల్లో చేయలేంది నువ్వు ఒక్క పూటలో చేసినావు. నలభై మందికి ఒక పద్ధతి నేర్పించినావు. అదీ దొంగ పద్ధతి. ఇంక బయటోళ్లను పిలిచేది లేదు. ఏ మార్పు వచ్చినా మనోళ్లే నేర్చుకోని మనోళ్లకు నేర్పాల. నేర్పేవాళ్లలో ముందు నీ పేరే రాసినా.”

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ పేరు కొట్టేయమన్నాను. ఆమె కొట్టేయలేదు. సరైన నంబరు లేని గుజ్జును కొనేవాళ్లు వాపసు పంపుతున్నారని, ఇట్లే పోతే వచ్చే సీజనుకు గేటు తెరవలేమని చెప్పింది. ఈ ఒక్క మాట ఆ మూడు రోజుల్లో ఎవరూ మాకు చెప్పలేదు.

బాయిలరు దగ్గర ఒకరిని, లారీలు దించే చోట ఒకరిని కూడా నేర్పేవాళ్లుగా పెడతానంది. బిర్యానీ వద్దన్నాను. షీట్లో మాకు అక్కరలేని గళ్లు తీసేయమన్నాను. కోసిన పండు బాగుంటే పారేయకుండా గుజ్జులోకే పోవాలన్నాను. అన్నీ రాసుకుంది.

మరుసటి రోజు పొద్దున ఆరు గంటల షిఫ్టుకు పోయి, అందరి ముందూ నిలబడి, దొంగ నంబర్లు ఇంక వద్దని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. మొదటి క్రేటులో కాయ తీసి నొక్కి, వాసన చూసి, పదిహేను అన్నాను. కోసి చుక్క వేశాం. మీటరు పన్నెండు చూపించింది. షీటు పట్టుకున్నామె పెన్ను ఆపి నా మొహం చూసింది. పన్నెండే రాయమన్నాను. రాసింది. ఆ క్రేటును మాగబెట్టే గదికి తిరిగి పంపించాం.