బాలశౌరి గారి విషప్పురుగు

గుణదలలో బాలశౌరి అంటే పురుగుల బాలశౌరే. కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్. చేసేది పిల్లలకు కప్పలు అందించడం, మాట్లాడేది మాత్రం లోకంలోని పురుగులన్నిటికీ తనే జ్ఞానస్నానం ఇచ్చి పేర్లు పెట్టినట్టు. ఆయన లెక్కలో ప్రిన్సిపాలు గొర్రెలు కాసుకోవాల్సినవాడు. ఇక భార్య తెరేసమ్మకు బుర్రే లేదని పెళ్లినాడే తీర్మానించేశాడు.

డెబ్బై నాలుగులో మేరీమాత ఉత్సవం అయ్యాక, ఉయ్యూరు పక్కన వరి కోసి చల్లిన జనుము చేలో ఆయనకో రెక్కల పురుగు దొరికింది. తెల్లరెక్కల మీద ఎర్రచుక్కలు, నల్లచుక్కలు ఉన్న పురుగులు జనుము మీద మామూలే. గొంగళిగా ఉన్నప్పుడే ఆకులోని విషాన్ని ఒంటికి పట్టించుకుంటాయి. ఆ రంగులు చూసి పిట్టలు వాటి జోలికి పోవు. ఇదీ అచ్చం అలాగే ఉంది, మీసాలు మాత్రం దువ్వెన పళ్లలా ఉన్నాయి. ఇంకేం, కొత్త జాతి! దానికి తన పేరు! కప్పలు అందించే బతుక్కి మిగిలిన ఆశ అదొక్కటే. ఎంత వెతికినా రెండోది దొరకలేదు.

మద్రాసు నుంచి పురుగుల పండితుడు తిరుపతిరావుగారు బెజవాడ వస్తే, బతిమాలి భోజనానికి పిలిచి, సీసాలో ప్రాణంతో ఉన్న పురుగును చూపించాడు.

"విషం లేనివి కూడా ఈ వేషం వేస్తాయండీ. కోసి చూస్తేగానీ ఏ కుటుంబమో చెప్పలేం," అన్నాడాయన.

బాలశౌరికి ఒళ్లు మండింది. "రంగు చూస్తే తెలీదుటండీ? నిఖార్సైన విషం! ఇప్పుడే చూపిస్తా!"

ముందు మామూలు జనుము పురుగును పెరట్లో తెరేసమ్మ పెంచే కోడిపెట్టకు వేశాడు. అది పొడిచి, వెంటనే వదిలేసి, ముక్కు నేలకు రాసుకుంది.

"చూశారా? దీన్నీ ఇలాగే వదిలేస్తుంది," అంటూ సీసా మూత తీశాడు.

"అయ్యో, ఉన్నది ఒక్కటే కదండీ!" అంది తెరేసమ్మ.

"నీకేం తెలుసే, నోర్మూసుకో!"

పెట్ట గుటుక్కున మింగి, ఇంకోటి వేస్తాడేమోనని మెడ చాచింది.

తిరుపతిరావుగారు తల పట్టుకున్నాడు. "ఉత్త వేషగాడేనండీ. అయినా కొత్త జాతే అయ్యుండాలి, అలాంటి మీసాలు నేనెక్కడా చూళ్లేదు. మీ పేరే పెట్టేవాణ్ణి."

మహామేధావి అప్పుడు పెట్ట వెంట పడ్డాడు. పట్టుకుని, కోసి, మేత సంచి చీల్చి వెతికాడు. తవుడు ముద్దలో నలిగిన రెక్క తునకలు తప్ప మీసం ముక్కయినా దొరకలేదు. నెత్తుటి చేతులతో అక్కడే కూలబడి ఏడ్చాడు.

కోసిన కోడిని పారేసుకుంటారా? తెరేసమ్మ కూర వండింది. తిరుపతిరావుగారు అడిగి మరీ వేయించుకున్నాడు. బాలశౌరికే ముద్ద దిగడంలేదు.

తెరేసమ్మ గిన్నె ఆయన ముందుకు తోసింది.

"తినండి. మీ పేరంతా ఇందులోనే ఉంది."