అవ్వ తిన్న గుడ్లు

ఎల్లారెడ్డిలో తమ వాడకట్టు మొత్తానికీ కామెర్ల పత్యం చెప్పేది ఎంకవ్వే. నూనె వద్దు, పప్పు వద్దు, గుడ్డు పేరే ఎత్తొద్దు, మజ్జిగన్నమే. సాక్షాత్తు దేవుడికి కామెర్లొచ్చినా చెంచా నూనె దక్కేది కాదు.

మనవరాలు లాస్యకు పుట్టినప్పటి నుంచీ కాలేయం జబ్బు. రోజూ గుడ్డు పెట్టమని, అన్నంలో నూనె కలపమని కామారెడ్డిలో డాక్టరు చెప్పాడు. కోడలు సాయిలత గుడ్డు ఉడికించిపెట్టి కూలికి పోయేది. ఎంకవ్వ పిల్లకు మజ్జిగన్నం పెట్టి, పారేస్తే పాపమని గుడ్డు తానే మింగేది. రెండు నెలల్లో అవ్వ చెంపలు నిగనిగలాడాయి.

అత్తాకోడళ్లు అంగన్‌వాడీకి తీసుకెళ్లి తూకం వేయిస్తే పిల్ల కిలో పెరిగింది.

"చూసినవా టీచరమ్మా, నా పత్యం!" ఎంకవ్వ ఎగిరెగిరి పడింది.

టీచరు కృపాజ్యోతి పిల్ల ఉబ్బిన పొట్ట చూసి, జబ్బకు కొలత పట్టీ చుట్టింది. జబ్బ పోయిన నెలకన్నా సన్నబడింది.

"గది కండ కాదవ్వా, కడుపుల నీళ్లు. పిల్ల ఎండిపోతున్నది. ఇయ్యాల్నే దవాఖానకు తీస్కపోండి. సాయిలతా, గుడ్డు పెడుతలేవా?"

"రోజు ఉడికిచ్చిపెట్టి పోతున్న టీచర్, ఒట్టు!" సాయిలత ఏడ్చేసింది.

టీచరు నమ్మినట్టు లేదు. ఎంకవ్వ నేల చూపులు చూస్తూ, "దాన్నేమనకు బిడ్డా. గుడ్లన్నీ నేనే తిన్న," అంది.

దవాఖాన నుంచి వచ్చిన వారానికి, పక్కింటి భీమేష్ పచ్చబడ్డ కండ్లతో గడపలో నిలబడ్డాడు.

"అవ్వా, పత్యం చెప్పు."

కోడలి ఎదుటే లాస్యకు గుడ్డు ఒలిచి తినిపిస్తున్న ఎంకవ్వ తల ఎత్తలేదు.

"నాకేం తెల్వది కొడుకా. దవాఖానకు పో."