ఇద్దరి బావి మీద గోడ

గూడూరు శివార్లలో మా కాలనీ. మా నాయన తరంలో కట్టిన ఇళ్లన్నీ ఒకే అచ్చు: ఎర్ర సిమెంటు గచ్చు, మంగుళూరు పెంకు వరండా, నడుమెత్తు ప్రహరీ. రెండిళ్లకు ఒక బావి. సగం మా దొడ్లో, సగం పక్కింటి దొడ్లో. చెరో గిలక.

అపార్టుమెంట్లు కట్టేవాళ్లు ఇళ్లు అమ్మమని అడగడం మొదలుపెట్టాక కాలనీ రూపం కాపాడుకోవాలని అందరం కూర్చున్నాం. రిటైరైన తెలుగు మాస్టారిని కాబట్టి తీర్మానం నన్నే రాయమన్నారు. 'మొదట కట్టినప్పుడు లేనిదేదీ ఇకపై ఉండరాదు' అని రాశాను. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

అందరూ సంతకాలు పెట్టారు, పక్కింటాయన తప్ప. బజార్లో బట్టల కొట్టు ఆయనది. రంజానుకు వాళ్ల సేమ్యా, ఉగాదికి మా బొబ్బట్లు ఆ బావి మీదుగానే అటూ ఇటూ వెళ్లేవి. కాగితం రెండుసార్లు చదివాడు.

"బాగా రాసినావన్నా. మరి గోడ?"

ఆరేళ్ల కింద బావి నడిమధ్యన నిలువెత్తు గోడ కట్టించింది నేనే. వాళ్ల మునగాకు నీళ్లలో రాలుతోందని. అప్పటికే ఇద్దరిళ్లలోనూ బోరు మోటార్లున్నాయి, ఆ నీళ్లు తాగేవాళ్లు లేరు. రాసేటప్పుడు ఆ గోడ నిజంగానే గుర్తు రాలేదు. రోజూ దాని మీదే తువ్వాలు ఆరేసుకుంటున్నాను.

"అది ఉండంగా సంతకం పెట్టను. నా ఇల్లు కూడా అడగతా ఉండారు" అన్నాడు, మామూలుగానే.

ఆయన అమ్మితే మిగతావాళ్లు ఆగరు. గోడ కట్టిన మేస్త్రినే కూల్చడానికి పిలిచాను. "ఇంత గట్టిగా ఎందుకు కట్టించినారు సార్?" అని నన్నే అడిగాడు.

మధ్యాహ్నానికి గోడ పోయింది. ఆయన వైపు గిలకకు నూనె పెట్టి ఉంది. గోడ రాకముందు ఆ గిలక దగ్గరే ఆయన భార్య నిలబడి మా ఆవిడతో గంటలు గంటలు మాట్లాడేది. నిరుడు ఆమె పోయినప్పుడు నేను వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లి, పరాయివాడిలా కుర్చీలో పది నిమిషాలు కూర్చుని వచ్చాను. తలుచుకుంటే సిగ్గేసింది.

ఆయన బావి గట్టు మీదే కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. పెన్ను నాకిచ్చాడు.

"ఆమె ఉన్నప్పుడే రాసుంటే బాగుండేదన్నా" అన్నాడు.

నలభై ఏళ్లు పిల్లల వాక్యాలు దిద్దినవాణ్ని. ఆయన వాక్యంలో నేను దిద్దగలిగిందేమీ లేదు.