మూడో ముద్ద

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళు ఉంటాయేమో నాకు, ఒక సాయంత్రం మా అవ్వ నన్ను పెద్దమ్మ ఇంటికి పంపింది. పోయి పెద్దమ్మ సంగటి ముద్దలు ఎన్ని చేస్తుందో చూసి రావాలి. అంతే పని.

సోగత్తూరు పక్క పల్లెలో మా రెండిళ్ళకు నడుమ ఒకటే గోడ. అటువైపు పెద్దమ్మ, పెద్దనాయన, వాళ్ళకు ఒక్కతే కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. అక్కకు మోకాలి పైన గడ్డ లేచింది. పసరు పూశారు, కట్టు కట్టారు, చివరికి బస్సెక్కించి మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఎముకలో క్యాన్సర్ అన్నారట. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు, అంటే మా గడప కూడా తొక్కుతుందని భయం. ఇంటికి తెచ్చిన మూడు వారాలకు అక్క పోయింది.

కర్మ అయిన మర్నాడే పెద్దమ్మ చింతపండు పనికి పోయింది. కాయ కొట్టడం, పెంకు ఏరడం, ఈనె లాగడం, గింజ తీయడం, పొద్దంతా అదే. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు అక్కను తలుచుకుని ఏడిస్తే వినేది కానీ తను ఏడ్చేది కాదు. అవ్వకు అదే అనుమానం. పైగా ఇద్దరే ఉన్న ఇంట్లో రోజూ మూడు ముద్దలు చేస్తోందని ఎవరో అవ్వ చెవిన వేశారు. చచ్చిపోయిన పిల్లకు వండి పెడుతుంటే ఆ పిల్ల ఇల్లు విడిచిపోదని, తల్లినే పట్టుకుంటుందని అవ్వ నమ్మకం. కొండకింద దెయ్యాలు వదిలించే ఒక పూజారికి కబురు కూడా పంపింది. అతను చెర్నాకోలతో కొడతాడు. అలా కొట్టించుకుని వచ్చిన ఒకామె వీపు నేను చూశాను. మూడు ముద్దలున్నాయని నేను చెబితే, ఆ శుక్రవారం పెద్దమ్మను అక్కడికి నడిపిస్తారు. రెండే అని అబద్ధం చెప్పేదాన్నే. కానీ అవ్వ ముందే దీపం ముట్టించి నా చేత ఒట్టు వేయించుకుంది.

నేను పోయేసరికి పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని సంగటి గెలుకుతోంది. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. చింతపండు పులుపుకు ఆమె వేళ్ళు పగిలి నల్లబడి ఉన్నాయి. ఆ వేళ్ళు నీళ్ళలో ముంచి మొదటి ముద్ద తిప్పింది, పెద్దది, పెద్దనాయనకు. రెండోది తనకు. ఇక చాలు పెద్దమ్మా, కుండ కడిగేయి, అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను. చెయ్యి మళ్ళీ నీళ్ళలోకి పోయింది. మూడోది చిన్నగా, నున్నగా చేసి, అంచు పెచ్చులూడిన పింగాణీ తట్టలో పెట్టింది. అది అక్క తట్ట.

నా వైపు తిరగకుండానే అడిగింది.

"మీ అవ్వ పంపించిందా?"

నాకు ఏడుపు వచ్చేసింది.

"ఏడవాకు. నాకేం పిచ్చి పట్టలేదు పాపా. తల ఎప్పుడో తెలుసుకునింది. చెయ్యే ఇంకా తెలుసుకోలేదు. పదకొండేండ్లు చేసిన చెయ్యి, ఒగ దినంలో ఆగమంటే ఆగుతుందా?"

తట్ట తెచ్చి నా ముందు పెట్టి ఉలవచారు పోసింది. తిని, చూసింది చూసినట్టే పోయి చెప్పమంది. చనిపోయిన అక్క ముద్ద. చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. కానీ పెద్దమ్మ పక్కనే కూర్చుని నా చెయ్యినే చూస్తోంది. తినకపోతే ఈమె ఏమైపోతుందో అని ఆ వయసులోనే ఎందుకో తోచింది. ముద్ద నడుమ వేలితో గుంట చేసుకున్నాను, చారు నిలవాలని.

"మీ అక్క గుంట చేసుకునేది కాదు," అంది పెద్దమ్మ. "పక్క నుంచి తుంచేది. చారంతా తట్టలో పారేది."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పొయ్యిలో పుల్ల ఒకటి కాలి కిందికి జారింది.

"నువ్వు చేసుకోమ్మా," అంది. అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను తింటూనే ఉన్నాను.

అవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. ఎన్ని అని అడిగింది. మూడు అన్నాను. అవ్వ ముఖం బిగుసుకుపోయింది. మూడోది ఎవరికి పెట్టిందని అడిగింది.

"నాకే పెట్టింది. తినేసినాను."

అవ్వ నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. చాలాసేపు వదల్లేదు. ఆ శుక్రవారం ఎవరూ కొండకిందికి పోలేదు. మర్నాడు దీపాలు పెట్టే వేళ అవ్వే నన్ను గోడ అవతలికి తోసింది, పో, సంగటి చల్లారిపోతుందని. పెళ్ళై ఆ ఇల్లు వదిలేదాకా నా రాత్రి ముద్ద పెద్దమ్మ దగ్గరే.

నా కొడుకు పోయి రెండేళ్ళు. వాడిదీ క్యాన్సరే, కాలేయంలో. వాళ్ళ నాయన అంతకుముందే పోయాడు. ఒంటిదాన్ని, రెండు ముద్దలు చేస్తాను. మొదటి ఏడాది ఆ రెండోదాన్ని మూతకింద దాచి, ఎవరూ చూడకుండా కుక్కకు వేశాను. చూస్తే ఏమంటారో అని భయం. ఒకరోజు మూత తీస్తుంటే పెద్దమ్మ తట్ట గుర్తొచ్చి సిగ్గేసింది. ఇప్పుడు కంపెనీ వ్యాన్ దిగి వచ్చే పక్కింటి పిల్లను పిలుస్తాను. అది ఎవరి ముద్దో మొదటి రోజే చెప్పాను, దాచలేదు. సెల్లు చూసుకుంటూ, చారు కారమని గొణుక్కుంటూ తింటుంది. గుంట చేసుకుంటుందో, తుంచుకుంటుందో, దాని ఇష్టం.

నా చెయ్యి ఇప్పటికీ రెండే చేస్తుంది. ఆపమని నేను దానికి చెప్పలేదు.