ఎలుగుబంటి కొలతలు

మా వీధి చివర మిషను కుట్టే వదినగారికి ఎవరు ఎదురుపడినా కళ్ళతోనే కొలతలు తీసేసే జబ్బుంది. జ్వరమొస్తే చూడవచ్చిన డాక్టరుగారిని పట్టుకుని, "ఎడమ భుజం అరంగుళం దిగింది బాబూ" అన్న మనిషి.

అలాంటావిడ యాభై నాలుగో ఏట సైకిలెక్కింది. పది రోజుల దారి అది. ఇద్దరం కలిసి తొక్కుదామని వాళ్ళాయన మ్యాపు మీద పెన్సిలుతో గీసి పెట్టుకున్నాడు. ఆయన పోయి ఏడాదైంది. "ఒక్క గజం కూడా బండెక్కను, అంతా తొక్కే తీరతాను" అని పట్టుబట్టి, పాత గొడుగు గుడ్డలతో సంచులు కుట్టి సైకిలుకి తగిలించుకుంది. తోడుగా ఆడపడుచు బయలుదేరింది. ఆవిడ బళ్ళో వంటమనిషి, నోరూ చెయ్యీ ఒకచోట ఉండవు.

ఏడో రోజున ఎలుగుబంట్ల అడవి వచ్చింది. గేటు దగ్గర గార్డు గడగడా అప్పజెప్పాడు. "నలభై కిలోమీటర్లు. ఐదింటికి అవతలి గేటు మూసేస్తారు. అప్పటికి లోపలుంటే సైకిలుతో సహా జీపులో వేసుకొస్తారు. తిండి డబ్బాలో బిగించి చెట్టుకి వేలాడదీయండి. ఎలుగు కనబడితే పరిగెత్తకండి, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి నడవండి."

మధ్యాహ్నం రొట్టె, తేనె తిన్నారు. ఆడపడుచు డబ్బా బిగించి, బుద్ధిగా కొమ్మకి కట్టింది. కానీ వంటింట్లో ఆవిడ భుజం మీద ఎప్పుడూ ఓ గుడ్డ ఉంటుంది, చెయ్యి తుడుచుకోవడానికి. అడవిలో ఆ గుడ్డ లేదు. చేతికి దగ్గర్లో ఉన్నది వదిన సైకిలు సీటు.

వాగులో నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఎలుగుబంటి తీరుబడిగా నిలబడి ఉంది.

"వదినా, నీ సైకిలు నాకుతోందే!"

"సైకిలు కాదు, సీటు. ఏం పూశావే?"

"పూయలేదు... చెయ్యి తుడిచానంతే."

"తేనె చెయ్యి నా సీటుకే తుడవాలా? నీ సీటుకేం రోగం?"

"నాది కొత్తది కదా!"

ఎలుగు తలెత్తింది.

"మాట్లాడమన్నాడుగా, మాట్లాడవే! పుట్టినప్పట్నుంచీ ఆపిందే లేదుగా!"

"నా నోరు ఎండిపోయింది వదినా."

వదినకి ఏం మాట్లాడాలో తోచలేదు. తోచనప్పుడు వచ్చే మాటలే వచ్చాయి. కొట్లో కూర్చుని చెప్పినట్టే, నెమ్మదిగా, ఒకే గొంతుతో అంది. "ఛాతీ... అరవై రెండు. భుజం... ఇరవై ఎనిమిది. మెడ... మెడ లేదు." ఒక్కో కొలతకీ ఒక్కో అడుగు వెనక్కి. ఎలుగు చెవులు రిక్కించి వింది.

"దానికి చొక్కా కుడతావా ఏంటి?" ఆడపడుచు గొణిగింది.

"నోర్ముయ్. చంకల్లో పట్టేస్తుంది, లూజు పెట్టాలి. నడుము... అరవై ఎనిమిది."

నడుము మాట నచ్చలేదో ఏమో, ఎలుగు సీటుని ఊడబీకి, నోట కరుచుకుని పొదల్లోకి వెళ్ళిపోయింది.

సైకిలుకి ఉత్త గొట్టం మిగిలింది. గేటుకింకా పద్దెనిమిది కిలోమీటర్లుంది.

"నా సైకిలు తీసుకో వదినా, నేను నడిచొస్తా."

"నడిస్తే నిన్ను జీపులో వేస్తారు. పద!"

ఎగుడులో నిలబడి ఎవరైనా తొక్కుతారు. వదిన దిగుడులో కూడా నిలబడే తొక్కింది. పిక్కలు రాళ్ళయ్యాయి. ఐదుకి పది నిమిషాలుందనగా వెనక జీపు వచ్చింది.

"ఎక్కండమ్మా, మెత్తటి సీటుంది" అన్నాడు డ్రైవరు.

సీటు మాట వినగానే ఆవిడ మోకాళ్ళు కాస్త వంగాయి. "అమ్మాయ్, వీడితో ఏదో ఒకటి వాగు!" అని అరిచింది. ఆడపడుచుకి పోయిన నోరు తిరిగొచ్చింది. డ్రైవరు మళ్ళీ కిటికీలోంచి తల బయటపెట్టలేదు.

అవతలి గేటు గార్డు అడ్డకర్ర దించబోతూ ఆగాడు. నిలువునా వణుకుతూ వస్తున్న మనిషిని చూసి జాలేసి, పరుగున కుర్చీ తెచ్చి గేటుకి ఇవతలే వేశాడు.

"అవతల వెయ్యి నాయనా" అంది వదిన.

గేటు దాటాకే దిగి, కూర్చుంది. మళ్ళీ లేపడానికి ముగ్గురు పట్టాల్సి వచ్చింది. అందులో జీపు డ్రైవరొకడు.